ఆసుపత్రికి రానివాళ్ల లెక్క

సోంపేట

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఎంపీహెచ్‌లో, అదే ప్రజారోగ్యం పీజీలో, సీటొచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. బీడీఎస్ చదివి మళ్లీ ఇదేం చదువని మీ అమ్మ బెంగపడుతోందట. ఈ చదువులో ఊరే రోగి అని ఆమెకు నెమ్మదిగా చెప్పు.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. ఆసుపత్రి రిజిస్టరు తిరగేస్తే డయాలసిస్‌కి వచ్చినవాళ్లే కనిపిస్తారు. జబ్బు లోపల పెట్టుకుని జీడితోటల్లో పనికి పోతున్నవాళ్లు అందులో ఉండరు. కిడ్నీలు దాదాపు సగం దెబ్బతినేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు, ఒంట్లో బాధా తెలియదు. పోనీ శిబిరం పెడదామంటే, అనుమానం ఉన్నవాళ్లే ముందు వరసలో నిలబడతారు. కూలికి పోయినవాళ్లు తప్పిపోతారు. ఇంటింటికీ తిరిగి పెద్దలందరి పేర్లూ రాసుకుని, లాటరీ తీసినట్టు కొందరిని ఎంచి, వాళ్లు దొరికే వేళకు వెళ్లి పరీక్షిస్తేనే నూటికి ఎందరికుందో తేలేది. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ నేర్పేది ఈ ఒడుపే. ఆ రెండు పేపర్లూ ఏదో గట్టెక్కితే చాలనుకోకు.

జబ్బుకు కారణం నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పిబిళ్లలన్నారు. ఏదీ ఖాయంగా తేలలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రీ, ఉద్దానం ఊళ్లకు మంచినీటి పథకమూ మొదలయ్యాయి. అది సబబే. కలరా క్రిమిని కోఖ్ 1883లో గుర్తించాడు. కలరా నీళ్లతోనే వస్తోందన్న డాక్టర్ జాన్ స్నో మాట విని లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో నీళ్ల పంపు పిడి ఊడదీసింది అంతకు ముందే, 1854లో. అన్నీ తేలేదాకా చేతులు కట్టుకు కూర్చుంటే ఈలోగా పోయే ప్రాణాలకు జవాబెవరు?

ఉద్యోగాల మాటా చెప్పాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఎపిడెమియాలజిస్టులను తీసుకుంటారు గానీ, ఎక్కువగా కాంట్రాక్టు మీదే. అది ముందే తెలుసుకుని చేరు.

చివరిగా ఒక్కమాట. మా వైపు పరీక్షలకని రక్తం, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి మళ్లీ మొహం చూపించనివాళ్లు చాలామందే ఉన్నారు. థీసిస్ కోసం నువ్వు ఏ ఊరెళ్లినా, ఎవరి రిపోర్టు వాళ్ల చేతికిచ్చి, అందులో ఏముందో తెలుగులో చెప్పాకే అక్కణ్ణించి కదులు.

ఇట్లు,
మీ పెదనాన్న