పాత ఆటోమేటిక్ బండికి కూలర్ పెట్టించాలా?

ప్రశ్న: మాది టెక్కలి వైపు. అండమాన్‌లోని మాయాబందర్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. 2011 మోడల్ ఐ10 ఆటోమేటిక్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రోజూ రంగత్ వెళ్లి రావాలి, అప్పుడప్పుడు పోర్ట్‌బ్లెయిర్ ప్రయాణం. బండ్లన్నీ ఒకే వరుసలో సాగే కాన్వాయ్‌లో వచ్చి మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దగ్గర ఆగేసరికి మాడిన వాసన వస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు అటూ ఇటూ మారుతూ తడబడుతోంది. గేర్‌బాక్స్‌కి విడిగా కూలర్ బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: పెట్టించవచ్చు. కానీ ముందు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి, ఒక చుక్క ఆయిల్ తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే సంతోషం. ముదురు గోధుమ రంగుకు తిరిగి, ముక్కు దగ్గర పెడితే మాడు వాసన వస్తే కూలర్ కోసం దాచిన డబ్బు ముందు ఆయిల్‌కే ఖర్చు పెట్టాలి. గులాబీ రంగు మజ్జిగలా కనిపిస్తే మాత్రం బండి కదపకండి. రేడియేటర్ లోపల పగిలి కూలెంట్ గేర్ ఆయిల్‌లో కలిసిందన్నమాట.

మీ బండికి కూలర్ అసలు లేకపోలేదు. గేర్ ఆయిల్ రేడియేటర్ అడుగు భాగంలో ఉన్న చిన్న కూలర్ గుండా తిరిగి వెనక్కి వెళ్తుంది. రేడియేటర్ దుమ్ము పట్టి, ఫ్యాన్ సరిగా తిరగక, ముందున్న ఏసీ కండెన్సర్ రేకుల్లో మట్టి, పురుగులు ఇరుక్కుంటే ఆ చిన్న కూలర్ ఏం చేయగలదు? ఉప్పుగాలికి ఆ రేకులు ఎంత తొందరగా పొడిపొడిగా రాలిపోతాయో మీ ఊళ్లో చెప్పనక్కర్లేదు. ముందు అవి బాగుచేయించండి.

ఇక కాన్వాయ్ సంగతి. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్లు, వేగం 40 దాటకూడదు, మధ్యలో ఆగకూడదు, ముందు బండిని దాటకూడదు. మెల్లగా పోతున్నాం, బండికి విశ్రాంతే అనుకుంటాం. ఆటోమేటిక్ విషయంలో అది నిజం కాదు. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్‌లో శక్తి ఆయిల్ ద్వారానే అందుతుంది. అందులో కొంత జారిపోయి వేడిగా మారుతుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని ఆ జారుడు ఆపుతుంది. మెల్లగా, ఎత్తుపల్లాల్లో, ఏసీ వేసుకుని పోతుంటే ఆ క్లచ్ చాలాసేపు పట్టుకోదు. ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే ఢోకా లేదు. ఆపైన ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల మోటు లెక్క.

కాబట్టి ఖర్చులేని మందు: ఎత్తు ఎక్కేటప్పుడు లీవర్ 2లో పెట్టండి, గేర్ల తడబాటు తగ్గుతుంది. జెట్టీ క్యూలో డీలో పెట్టి బ్రేకు తొక్కిపట్టి కూర్చోకండి. కాసేపే అయితే న్యూట్రల్, ఫెర్రీ ఆలస్యమైతే ఇంజిన్ ఆపేయడమే.

ఆయిల్ ఎస్‌పీ-3 రకమే పోయించండి. ఒకసారి దించితే సగం కూడా బయటికి రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ మార్పించండి. చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో రావలసిన సరుకు కదా, రెండు మార్పులకూ కలిపి ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

ఇవన్నీ అయ్యాక కూడా, కుటుంబమంతా ఎక్కి కాన్వాయ్‌లో పోయినప్పుడు వేడెక్కుతుంటే అప్పుడు కూలర్ పెట్టించండి. నా ఓటు గొట్టాల రకానికి కాదు, పలకలు పేర్చిన రకానికి. కండెన్సర్ ముందు, కాస్త ఖాళీ వదిలి, బ్రాకెట్లతో బిగించాలి. రేకుల్లోంచి ప్లాస్టిక్ టై దూర్చి కట్టేవాడి చేతికి బండి ఇవ్వకండి, అదురుకు అక్కడే చిల్లు పడుతుంది. ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, అక్కడి నుంచి కొత్త కూలర్‌లోకి, ఆపైన గేర్‌బాక్స్‌కి వెళ్లాలి. పైపు గేర్ ఆయిల్ కోసం చేసిందే ఉండాలి, నీళ్ల పైపు ఆ వేడికి, ఆ ఆయిల్‌కి మెత్తబడిపోతుంది. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి.

ఒక్క మాట మాత్రం దాచను. లోపల క్లచ్ ప్లేట్లు ఇప్పటికే అరిగి జారుతుంటే ఏ కూలరూ వాటిని బాగుచేయలేదు.

ప్రశ్న: డిగ్లీపూర్ నుంచి రాస్తున్నాను. నాదీ ఐ10 ఆటోమేటిక్కే. పోయిన వారం కూలర్ పెట్టించాను. అప్పటినుంచి డీలో వేశాక బండి ఒక క్షణం ఆలోచించి గానీ కదలడం లేదు.

జవాబు: కొత్త కూలర్, పైపులు నిండడానికి కొంత ఆయిల్ తీసుకుంటాయి. ఆ మేరకు మళ్లీ పోయలేదేమో. బండిని బాగా వేడెక్కించి, సమతలంలో నిలిపి, ఇంజిన్ నడుస్తుండగానే లీవర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి డిప్‌స్టిక్ చూడండి. వేడి గుర్తుల మధ్యకు వచ్చేదాకా కొద్దికొద్దిగా పోయండి. ఎక్కువ పోస్తే నురగ కడుతుంది, అదీ చేటే. ఆ తర్వాత జాయింట్ల కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచితే కారుతోందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: నాది సెలేరియో ఏఎంటీ. నేనూ కూలర్ పెట్టించుకోవాలా?

జవాబు: వద్దు. అది మామూలు గేర్‌బాక్సే. మీరు తొక్కాల్సిన క్లచ్‌ని యంత్రం తొక్కుతుంది, అంతే. టార్క్ కన్వర్టర్ లేదు, చల్లబరచాల్సిన ఆయిల్ ప్రవాహమూ లేదు. ఎత్తులో వాసన వస్తోందంటే యాక్సిలరేటర్ నొక్కి బండిని నిలబెడుతున్నారని అనుమానం. అక్కడ హ్యాండ్‌బ్రేక్ వాడండి.