తప్పిన మందను మళ్లించే ఉద్యోగం

అరుప్పుకోట్టై చుట్టుపక్కల పశువులున్న తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు, తాడు తెంచుకున్న ఎద్దుకు ఎటు అడ్డం నిలబడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తెలివికి జీతమిచ్చే ఉద్యోగాలున్నాయని మాత్రం బడిలో చెప్పేవాళ్లు తక్కువ.

విరుదునగర్ జిల్లా పడమటి కొండల్లో 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల రిజర్వు ఏర్పడింది. కొండకింది ఊళ్ల మందలకు ఆ అడవి తరాల నాటి మేత చోటు. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు అడవుల్లో పశువుల మేతను నిషేధించి, కొద్దిరోజులకే ఆ నిషేధాన్ని జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పులుల రిజర్వులకు పరిమితం చేసింది. హద్దు దాటిన మందను కాపరితో గొడవ పడకుండా వెనక్కి తేవడం ఇప్పుడు అటవీ సిబ్బంది పనుల్లో ఒకటి.

కేకలేసి తరిమితే మంద చెదిరి ఇంకా లోపలికి పోతుంది. సరిగ్గా తోక వెనక నిలబడిన మనిషి ఆవుకు కనపడడు, బెదురుతుంది. కాస్త ఎడంగా, దాని భుజానికి వెనకపక్కన నడిస్తే ముందుకు కదులుతుంది. మనం భుజం దాటి ముందుకెళ్తే ఆగుతుంది. మెడలో గంట ఉన్న పెద్దావు మళ్లితే మిగతావి దాని వెంటే. తర్వాత చెవి చూడాలి. పసుపు ట్యాగు మీది 12 అంకెలతో యజమాని ఎవరో తెలుస్తుంది. ఎవరూ రాకపోతే బందెలదొడ్డి ఉండనే ఉంది. దాని వెనకున్న చట్టం 1871 నాటిది.

పశువు తినే గడ్డికన్నా అది మోసుకెళ్లే రోగం పెద్ద సమస్య. 1968లో ముదుమలై ప్రాంతపు అడవిదున్నలు రిండర్‌పెస్ట్‌తో కుప్పలుగా చచ్చాయి. అందుకే వన్యప్రాణి చట్టం 33ఎ సెక్షన్, అభయారణ్యానికి ఐదు కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలు వేయించమంటుంది. ఇక్కడే పశువైద్యులకు పని. ఇక పశువులను పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో శ్రీహరికోటలో చూడొచ్చు. రాకెట్ కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ అయినప్పుడు మిగిలిపోయిన పశువులు అడవి మందలైపోయాయి.

దారుల సంగతి. అటవీ వాచర్, గార్డు పోస్టులు ఇప్పుడు టీఎన్‌పీఎస్‌సీ గ్రూప్-4లో వస్తున్నాయి. వాచర్‌కు పదో తరగతి, గార్డుకు సైన్సుతో ప్లస్ టూ. తమిళ అర్హత పరీక్ష తప్పదు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళం చదివిన మనవాళ్లకు అది భారం కాదు. పశువైద్యం చదవాలంటే తిరునెల్వేలిలోనే కళాశాల ఉంది. డిగ్రీ తర్వాత యూపీఎస్‌సీ అటవీ సర్వీసుకు వెళ్లొచ్చు; పశువైద్య పట్టాకు అర్హత ఉంది. అందులో మగవాళ్లు 25, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి.

వేట నిరోధక కావలివాళ్లుగా స్థానికులను తాత్కాలికంగా తీసుకుంటారు. డబ్బు తక్కువ, భద్రత లేదు. ఏళ్లతరబడి అందులోనే ఉండిపొమ్మని నేను చెప్పను. ఒకటి రెండేళ్లు చేస్తే అడవీ, కాపరులూ తెలుస్తారు. ఆ సాయంత్రాల్లోనే గ్రూప్-4 పుస్తకం తెరవండి.