పాఠం 9 : పెద్ద పొరుగు పక్కన చిన్న దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సముద్రంలో హద్దు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• పెద్ద దేశం ముందు చిన్న దేశం తన మాట ఎలా నిలుపుకుంటుందో వివరించగలుగుతారు.

9.1 కనిపించని గట్టు

పొలానికి గట్టు ఉంటుంది, సముద్రానికి ఉండదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి అండమాన్ వెళ్ళి స్థిరపడిన మత్స్యకారులకు ఈ సంగతి బాగా తెలుసు. తెలియక హద్దు దాటిన పడవను పొరుగుదేశం పట్టుకోవచ్చు. సముద్రం అడుగున ఉన్న సహజవాయువు ఎవరిదో తేల్చేది కూడా ఈ హద్దే.

9.2 చర్చల దారి

అండమాన్ సముద్రంలో తమ హద్దులు కలిసే బిందువును భారత్, ఇండోనేషియా, థాయిలాండ్ 1978లో చర్చల ద్వారా నిర్ణయించుకున్నాయి. బర్మాతో (నేటి మయన్మార్) 1986లో ఒప్పందం కుదిరింది.

9.3 చట్టం దారి

బంగ్లాదేశ్‌తో మాత్రం 1974 నుండి చర్చలు జరిగినా హద్దు తేలలేదు. ఆ దేశపు తీరం లోపలికి వంగి ఉంటుంది. రెండు తీరాలకు సమదూరంలో గీత గీస్తే దాని వాటా బాగా కుంచించుకుపోతుంది. చర్చలు సాగుతూ పోతే నష్టపోయేది చిన్న దేశమే.

అందుచేత 2009 అక్టోబరు 8న బంగ్లాదేశ్ ఈ తగవును మధ్యవర్తుల ముందుకు తెచ్చింది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో (1982) రెండు దేశాలూ భాగస్వాములు. ఆ చట్టం ఇందుకు వీలు కల్పిస్తుంది. ధర్మాసనంలోని ఐదుగురిలో తెలుగువారైన పెమ్మరాజు శ్రీనివాసరావు ఒకరు; కొన్ని అంశాలపై ఆయన మిగిలినవారితో విభేదించారు. అండమాన్ తీరంలో కొంత భాగాన్ని కూడా ధర్మాసనం లెక్కలోకి తీసుకుంది.

2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. న్యూమూర్ దీవి ఒకప్పుడు ఉన్న చోటు భారత్ వైపు వచ్చింది.

9.4 గమనించండి

ధర్మాసనానికి సైన్యం లేదు. భారత్ తీర్పును అంగీకరించింది కాబట్టే అది అమలైంది. మరి పెద్ద దేశానికి కలిగిన లాభం ఏమిటి? హద్దు స్థిరపడింది, పొరుగువారి నమ్మకం దక్కింది. ఇద్దరూ ఒప్పుకున్న నియమమే చిన్న దేశానికి బలం. పెద్ద దేశం ఆ నియమానికి కట్టుబడినంత కాలమే ఆ బలం నిలుస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. సమదూర గీతను బంగ్లాదేశ్ ఎందుకు ఒప్పుకోలేదు?
2. తీర్పు అమలు కావడానికి కారణం ఏమిటి?
3. మీ ఊరిలో గట్టు తగవులు ఎలా తీరుతాయి? ఈ పాఠంతో పోల్చి ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు: 1. తీరం లోపలికి వంగి ఉన్నందున వాటా తగ్గుతుంది. 2. భారత్ అంగీకరించడం.