లారీలకు అదనపు దీపములు: కాలిన తీగల మరమ్మతు

నూర్పిళ్ల కాలమున ధాన్యమును, గడ్డిని రాత్రివేళ చేరవేయు లారీలకు అదనపు దీపములు బిగించుకొనుట పరిపాటి. వెలుగు హెచ్చుట మంచిదే. కాని కరెంటు తెచ్చు తీగ సన్ననిదైనచో అది వేడెక్కి, పైతొడుగు కరగి, తుదకు బండికే నిప్పంటుకొనవచ్చును. కాలిన చోట టేపు చుట్టినంత మాత్రమున మరమ్మతు కాదు. వేడికి కారణమును కనుగొని తొలగింపవలెను.

వేడి ఏల పుట్టును?

12 వోల్టుల బ్యాటరీ గల చిన్న ట్రక్కునకు 55 వాట్ల దీపములు రెండు బిగించితిమనుకొందము. 110 వాట్లను 12చే భాగించిన సుమారు 9 ఆంపియర్ల కరెంటు వచ్చును. కరెంటు రెట్టింపైన, అదే తీగలో వేడి నాలుగు రెట్లగును. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 5 మీటర్లు వాడినచో సుమారు 1 వోల్టు దారిలోనే వ్యయమగును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఈ నష్టము మూడవ వంతునకు తగ్గును. 24 వోల్టుల పెద్ద లారీలలో అవే వాట్లకు కరెంటు సగమే.

తీగ పొడవునా కాలినచో అది సన్ననిదనియు, అతుకు వద్దనే కాలినచో బిగింపు వదులైనదనియు, పొగగొట్టము వైపుననే కరగినచో బయటి వేడి తగిలినదనియు సాధారణముగా గ్రహింపవచ్చును.

మరమ్మతు విధము

1. మొదట బ్యాటరీ నుండి ఎర్తు తీగను ఊడదీయవలెను.

2. రాగి నల్లబడిన మేరయు, తొడుగు పెళుసైన మేరయు కోసివేయవలెను. అదే కట్టలోని ప్రక్క తీగలను కూడ పరీక్షింపవలెను.

3. పైన చెప్పిన దీపములకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వాహనపు తీగ వాడవలెను. అతుకులను లగ్గులతో నొక్కి బిగించి, వేడికి ముడుచుకొను గొట్టము తొడుగవలెను. చేతితో మెలివేసిన అతుకు కుదుపులకు వదులగును.

4. బ్యాటరీకి చేరువనే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంచవలెను.

5. దీపముల కరెంటును స్విచ్చి గుండా పోనీయక రిలే ద్వారా పంపవలెను. సాధారణపు రిలేలో 30వ కాలికి ఫ్యూజు తీగను, 87కు దీపములను, 86కు స్విచ్చిని, 85కు ఎర్తును కలుపవలెను.

6. ఎర్తు కలుపు చోట రంగును, తుప్పును గీకివేయవలెను. రేకు రంధ్రములలో రబ్బరు వలయములు పెట్టవలెను. తీగను పొగగొట్టమునకు దూరముగా కట్టవలెను.

7. దీపములను పావుగంట వెలిగించి ఆర్పిన పిమ్మట తీగను, అతుకులను తాకి చూడవలెను. చేయి ఆనించలేనంత వేడియున్నచో లోపము ఇంకను మిగిలియున్నదని తెలియవలెను.

ఒక హెచ్చరిక

ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్టు రేకునో, వట్టి రాగితీగనో పెట్టి బండి నడుపువారు కలరు. ఫ్యూజు తీగకు కాపలాదారు. కాపలాదారును తొలగించినచో తీగయే ఫ్యూజై మండును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో పెద్దది వేయక లోపమును వెదకవలెను. కొంచెము తీగ, ఒక రిలే, ఒక ఫ్యూజు వెల ఎంత? బండి, దానిపైనున్న పంట, అందు కూర్చున్నవారి ప్రాణముల వెల ఎంత? మన డ్రైవరు సోదరులు ఈ సంగతి ఎన్నడును మరువరాదు.