విమానము – గడియారము

నెల్లిమర్ల స్టేషనులో బండికొరకు ఎదురు చూచుట మనకు క్రొత్త కాదు. బండి గంట ఆలస్యమైనను వేరుసెనగకాయలు వలుచుకొనుచు కూర్చుందుము. విమానమునకు అట్టి ఓర్పు లేదని నేను నష్టపడి తెలిసికొంటిని.

హైదరాబాదులో మా అన్నగారికి శస్త్రచికిత్స జరుగనున్నదని ఒక రాత్రి వర్తమానము వచ్చినది. మరునాడు ఉదయము 10 గంటలకు విశాఖపట్టణమునుండి విమానము. ప్రయాణకాలము గంట 15 నిమిషములు. నేను తెలుగు పండితుడనే యైనను, లెక్కల మాష్టారు సెలవు పెట్టినప్పుడెల్ల కాలము–దూరము లెక్కలు చెప్పినవాడను గదా! విశాఖకు సుమారు 70 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణము. ఏడున్నరకు బయలుదేరినచో ఇంకను అరగంట మిగులునని తలచితిని. లెక్క ప్రకారమే తొమ్మిదిన్నరకు చేరితిని. కాని ప్రయాణికుల నమోదు గంట ముందే ముగిసినది. విమానము అద్దములగుండ కనబడుచునే యున్నది!

ఆ రాత్రి రైలెక్కితిని. నేను చేరునప్పటికి చికిత్స ముగిసినది. అన్నగారు కన్నులు తెరచి, "ఏమిరా, లెక్క తప్పిందా?" అనిరి.

ఆ లెక్కను తరువాత సావధానముగా చేసి చూచితిని. ఈ రెండు విమానాశ్రయముల నడుమ సరళమార్గమున దూరము సుమారు 510 కిలోమీటర్లు. రైలు రాజమహేంద్రవరము, విజయవాడలమీదుగా చుట్టి పోవుటచే దానికి సుమారు 700 కిలోమీటర్లు. జెట్ విమానము పైకి చేరిన పిమ్మట గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోవును. ఆ వేగమున 510 కిలోమీటర్లకు 38 నిమిషములు చాలును. తక్కిన కాలమేమైనది? విమానము తన తావునుండి కదలినది మొదలు, అవతలి ఊర నిలుచువరకు లెక్కింతురు. నేలపై మెల్లగా దొర్లుట, పైకెక్కుట, వేగము తగ్గించుకొని దిగుట అన్నియు అందులోనివే. కావున దూరము రెట్టింపైనను కాలము రెట్టింపు కాదు.

గాలికిని ఇందు పాలు కలదు. శీతకాలమున ఎత్తున పడమటి గాలులు వీచును. హైదరాబాదునుండి విశాఖకు వచ్చు విమానమును అవి వెనుకనుండి త్రోయును; పోవుదానికి ఎదురు నిలుచును. వానకాలమున దక్షిణభారతముపై మిక్కిలి ఎత్తున తూర్పుగాలులు వీచుటచే ఇది తారుమారు కావచ్చును.

మన దేశమంతటికి ఒకే గడియారము గావున ఇంతటితో సరిపోయినది. ఐరోపాలో చిక్కు ఇంకొకటి కలదు. లండను, పారిస్ విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 350 కిలోమీటర్లు. ప్రయాణము సుమారు గంటంబావు. పారిస్ గడియారము ఒక గంట ముందుండును. లండనులో 10 గంటలకు బయలుదేరినవాడు పారిస్‌లో 12-15కు దిగును. తిరిగి 1 గంటకు బయలుదేరినచో లండనులో 1-15కే దిగును! గడియారములను మాత్రమే నమ్మినవానికి, పోవుటకు రెండుంబావు గంటలు, వచ్చుటకు పావుగంట.

మన నెల్లిమర్ల నియోజకవర్గములోని భోగాపురమున క్రొత్త విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. సరళరేఖపై మన ఊరికి అది సుమారు 20 కిలోమీటర్లు. గంట ముందు చేరవలెనను నియమము మాత్రము అక్కడకును వర్తించును.