ఎర్త్ ముందు, ఛార్జరు తర్వాత



తెనాలి దగ్గరి ఇంట్లో కారుకు తగిలించగానే ఛార్జరు మీద వెలుగుతున్న ఎర్ర దీపాన్ని ఆర్పడానికి ఆ ఊరి ఎలక్ట్రీషియన్ చెప్పిన ఉపాయం, అనగా సాకెట్ లోపలే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్కతో కలిపేయడం, ఎంత తొందరలోనూ చేయదగిన పని కాదు. హైదరాబాదు ఫ్లాటుకు ఎన్ని కిలోవాట్ల ఛార్జరు కొనాలన్నది చిరంజీవి రాసిన ఉత్తరంలో మొదటి ప్రశ్నే అయినా, చివర ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఈ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది కనుక జవాబు ఇక్కడి నుంచే మొదలుకావాలి. విద్యుత్తు చదువుకుంటున్న బిడ్డ "అందరూ అలాగే చేస్తున్నారట" అని రాయడం పెద్దలకు కొంత కష్టం కలిగించింది. అందరూ చేస్తున్నారన్నది కారణం కాదని చిరంజీవికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ ఎర్ర దీపం ఛార్జరు చెడిపోయిందని చెప్పడం లేదు. కారుకు విద్యుత్తు పంపడానికి ముందు ఛార్జరు పెట్టె తన ఎర్త్ పిన్ను వెనుక నిజంగా భూమి ఉందా లేదా అని పరీక్షిస్తుంది. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజి ఎక్కువగా కనిపించినా, ఎర్త్ దారిలో నిరోధం హద్దు దాటినా లోపలి కాంటాక్టరును, అంటే కారు వైపు తీగలను కలిపే పెద్ద స్విచ్చును, మూయకుండా ఆగిపోతుంది. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపితే రెండింటి మధ్య తేడా సున్నా అవుతుంది కాబట్టి పచ్చ దీపం వెలుగుతుంది, కారు నిండుతుంది, నెలల తరబడి ఏ ఇబ్బందీ కనిపించదు. ప్రమాదం ఆ నిశ్చింతలోనే ఉంది. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ జంపరు ఊడిపోయిందనుకుంటే, ఇంట్లో తిరుగుతున్న ఫ్యాను గుండా, ఫ్రిజ్ గుండా ఫేజ్ వోల్టేజి న్యూట్రల్ తీగలోకి వచ్చి నిలుస్తుంది. ఆ తీగ సాకెట్ దగ్గర ఎర్త్‌కు కలిసి ఉన్నందువల్ల కారు శరీరం మొత్తానికీ అదే వోల్టేజి అందుతుంది. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కనుక ఆ విద్యుత్తు తనంతట భూమిలోకి పోలేదు, తడి వాకిట్లో చెప్పులు లేకుండా నిలబడి తలుపు తీయబోయిన మనిషి కోసం వేచి ఉంటుంది. మామూలు ఛార్జరు ఫేజ్‌ను, న్యూట్రల్‌ను తెంపగలదే గాని ఎర్త్ తీగను తెంపదు, తెంపకూడదనే దాన్ని తయారు చేస్తారు. ఇక పాత ఇళ్లలో తరచుగా కనిపించే మరో లోపం, సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉండడం, దీనికి తోడైతే స్తంభం మీద ఏదీ తెగనక్కరలేకుండానే కారు శరీరానికి 230 వోల్టులు వచ్చి చేరతాయి. ఆరుబయట నిలిపిన కారుకు, కలిపి ఇచ్చిన న్యూట్రల్, ఎర్త్‌లను వాడుకోవడం మీద బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బి.ఎస్. 7671 ప్రత్యేకంగా ఆంక్షలు పెట్టడానికి కారణం కూడా ఈ న్యూట్రల్ తెగే భయమే. మార్కెట్లో "ఎర్త్ సమస్యకు పరిష్కారం" అని అమ్మే చిన్న ప్లగ్గుల్లో చాలావాటి లోపల ఉండేది ఇదే తీగ ముక్క అయినందున వాటి జోలికీ పోరాదు.

ఎర్త్ పెట్టిస్తే సరిపోతుందా అంటే, అదీ సగమే. ఎర్త్ గుంత నిరోధం 10 ఓములు ఉందని, ఛార్జరు తీగలో ఫేజ్ వచ్చి కారు శరీరానికి తగిలిందని అనుకుంటే, భూమిలోకి పారేది 23 ఆంపియర్లు మాత్రమే. 20 ఆంపియర్ల ఎంసీబీ ఆ కాస్త అధిక భారాన్ని గంటసేపు కూడా మోస్తూ పడకుండా ఉండవచ్చు, అంతవరకూ కారు శరీరం ప్రాణాంతకమైన వోల్టేజి మీదే ఉంటుంది. దీనికి విరుగుడు ఆర్‌సీసీబీ, అంటే ఫేజ్‌లో పోయిన విద్యుత్తు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నాయా అని ఎప్పటికప్పుడు సరిచూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే క్షణంలో రెండు తీగలనూ తెంపే సాధనం. అది ఉన్నచోట 100 ఓముల నాసిరకం ఎర్త్ మీద కూడా తెగకుండా నిలవగల వోల్టేజి మూడే మూడు వోల్టులు. కొనేటప్పుడు దాని రకం కూడా చూడాలి: చౌకగా దొరికే ఏసీ రకం, కారు లోపలి నుంచి డీసీ విద్యుత్తు కారితే మొద్దుబారిపోయి పనిచేయకపోవచ్చు కాబట్టి, కనీసం 'ఏ' (A) రకం ఉండాలి, దానికి తోడు 6 మిల్లీ ఆంపియర్ల డీసీ కారడాన్ని పసిగట్టే ఏర్పాటు ఛార్జరు పెట్టెలోనే ఉండాలి. ఆ ఏర్పాటు లేని ఛార్జరు ఎంత తక్కువ ధరకు వచ్చినా కొనదగినది కాదు. ఆ లోటు తీర్చడానికి 'బీ' (B) రకం ఆర్‌సీసీబీ విడిగా కొనడం చాలా ఖరీదు.

ఊరింటికి ఎర్త్ గుంత తవ్వించడం ఒకటి రెండు రోజుల పని. రెండున్నర, మూడు మీటర్ల లోతున జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, నీళ్లు పోయడానికి పైన గరాటు వదిలే పాత పద్ధతి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043 లో వివరంగా ఉంది. రాగి పూత కడ్డీ చుట్టూ తేమ పట్టే పొడి నింపే కొత్త పద్ధతికి ఖర్చు కొంత ఎక్కువైనా ఉప్పుకు పైపు తుప్పు పట్టే బాధ తక్కువ. ఏ పద్ధతి అయినా డెల్టా నల్లరేగడి వేసవిలో పగుళ్లు తీసినప్పుడు మట్టి కడ్డీని వదిలేస్తుంది గనుక మార్చి నుంచి జూన్ దాకా గుంతకు నీళ్లు పోస్తూ ఉండాలి. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో నిరోధం, మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిపించి కాగితం మీద రాయించుకోకుండా మేస్త్రీకి డబ్బులు ఇవ్వకూడదు.

ఇక చిరంజీవి ఎంతో ఉత్సాహంగా అడిగిన 22 కిలోవాట్ల పెట్టె సంగతి. ఏసీని బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే యంత్రం కారు లోపలే ఉంటుంది, దానిని ఆన్‌బోర్డ్ ఛార్జరు అంటారు. గోడకు బిగించే పెట్టె చేసేది ఎర్త్ చూడడం, ఎంత విద్యుత్తు తీసుకోవచ్చో కారుకు తెలపడం, స్విచ్చు వేయడం, తీయడం మాత్రమే. సెకనుకు వెయ్యిసార్లు ఎగిసి పడే ఒక సంకేతాన్ని పెట్టె పైలట్ తీగలో పంపుతుంది, అందులో ఎగిసిన భాగం పదో వంతు ఉంటే 6 ఆంపియర్లు, సగానికి కొంచెం పైన ఉంటే 32 ఆంపియర్లు తీసుకోవచ్చని కారు అర్థం చేసుకుంటుంది. అంతకు మించి తీసుకోదు, తనకు శక్తి లేకపోతే అంతా తీసుకోదు. కాబట్టి తండ్రిగారి కారులో ఉన్న 7.2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఆన్‌బోర్డ్ ఛార్జరు, 22 కిలోవాట్ల త్రీ ఫేజ్ పెట్టె ముందు నిలబెట్టినా ఒక్క ఫేజ్ నుంచే తన 7.2 తీసుకుంటుంది, మిగతా రెండు ఫేజులకూ పెట్టిన డబ్బు వృథా. కారు పుస్తకంలో ఈ ఒక్క అంకె చూసి ఉంటే ఉత్తరంలో సగం తగ్గేది.

7.2 అయినా అవసరమా అన్నది తర్వాతి ఆలోచన. రోజుకు 40 కిలోమీటర్ల తిరుగుడుకు, యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్ల లెక్కన, కావలసింది ఆరు యూనిట్లు. 16 ఆంపియర్ల మీద 3.3 కిలోవాట్లు ఇచ్చే ఛార్జరు నష్టాలు కలుపుకొని కూడా రెండు, రెండున్నర గంటల్లో దాన్ని ఇచ్చేస్తుంది, రాత్రంతా ఉంటే 150 కిలోమీటర్ల దాకా నింపుతుంది. దూర ప్రయాణాలు చేసి వచ్చి తెల్లవారేసరికి మళ్లీ బయలుదేరే కుటుంబానికి 7.2 అవసరం, చిరంజీవి ఇంటికి అది అలంకారం. ఇంటి కనెక్షన్ మీదే కారు ఛార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి గాని, బిల్లు మీద ఉన్న మంజూరు లోడును మించి వాడవచ్చని అవి చెప్పలేదు. ఏసీలు, గీజరు నడిచే ఫ్లాటులో 7.2 చేర్చితే లోడు పెంచమని దరఖాస్తు తప్పనిసరి.

పెట్టె మీద మిగిలిన డబ్బు తీగ మీద పెట్టాలి. సెల్లార్‌లో మీటరు బోర్డు నుంచి పార్కింగ్ స్థలానికి 30 మీటర్లుంటే, రానూ పోనూ 60 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 16 ఆంపియర్ల వద్ద 7 వోల్టులు తగ్గి, 110 వాట్లకు పైగా వేడిగా పోతుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో వేడి యాభై వాట్ల లోపే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది గనుక రేపు 32 ఆంపియర్లకు మారే ఉద్దేశం ఉంటే, హైదరాబాదు వేసవినీ గొట్టంలోని ఉక్కనూ లెక్కలోకి తీసుకుని ఇప్పుడే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించడం మేలు. సాకెట్ విషయంలోనూ ఇదే న్యాయం: వదులైన పిన్ను దగ్గర ఒక ఓములో పదో వంతు నిరోధం ఏర్పడినా, 16 ఆంపియర్లకు అక్కడ 25 వాట్ల వేడి పుడుతుంది, అంటే ఆ ప్లాస్టిక్ సాకెట్‌లో ఒక సోల్డరింగ్ ఐరన్‌ను రాత్రంతా వెలిగించి ఉంచినట్టే. గీజరు పావుగంటలో ఆగుతుంది, కారు గంటల తరబడి ఆగదు. ఇంట్లోని మామూలు సాకెట్‌ను కాక, మూత ఉన్న నీలిరంగు ఇండస్ట్రియల్ సాకెట్‌ను దీనికోసం ప్రత్యేకంగా పెట్టించి, దాని వెనుక 20 ఆంపియర్ల ఎంసీబీ, పైన చెప్పిన ఆర్‌సీసీబీ వేరుగా ఉంచాలి.

ప్రయాణానికి రెండో ఛార్జరు కొనక్కరలేదు. ఇంట్లో వాడేది గోడకు బిగించే పెట్టె కాకుండా, 6, 8, 10, 13, 16 ఆంపియర్లుగా మార్చుకోగల పోర్టబుల్ ఛార్జరు అయితే అదే డిక్కీలో వెళుతుంది. ఈ మార్చుకునే సదుపాయం చిరంజీవి ఉత్తరంలో లేనేలేదు గాని, ఊళ్లో ఉపయోగపడేది అదే: ట్రాన్స్‌ఫార్మరు లైను చివరన ఉన్న ఇంట్లో సాయంత్రం వోల్టేజి పడిపోతున్నప్పుడు 16 బదులు 10 ఆంపియర్లకు తగ్గిస్తే తీగలు చల్లబడతాయి, ఛార్జరు మధ్యలో ఆగదు, 12 గంటల్లో 150 కిలోమీటర్లకు సరిపడా నిండనే నిండుతుంది. 6 ఆంపియర్ల సాకెట్ తప్ప మరేదీ లేనిచోట 6 మీదే పెట్టాలి, అడాప్టరు తగిలించి 16 లాగాలని ఆశపడకూడదు. పొడిగింపు తీగ తప్పనిసరైతే మూడు కోర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, రెండు చివరలా ఇండస్ట్రియల్ ప్లగ్గులతో చేయించాలి. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి నేలమీద పరచాలి, చుట్టలో ఉన్న తీగ తన వేడిని బయటికి వదలలేక ఇన్సులేషన్‌ను కరిగిస్తుంది.

ఊరికి వెళ్లే దారిలో జాతీయ రహదారి 65 మీద ఉన్న డీసీ ఛార్జర్లకు ఏ తీగా తీసుకెళ్లనక్కరలేదు, సీసీఎస్ 2 గన్, అంటే టైప్ 2 మూతికి కింద రెండు లావు డీసీ పిన్నులు చేర్చినది, యంత్రానికే బిగించి ఉంటుంది. బోర్డు మీద 60 కిలోవాట్లు అని ఉన్నా రెండో గన్‌కు ఇంకో కారు తగిలితే చాలా యంత్రాలు చెరి 30 గా పంచుతాయి. 80 శాతం దాటాక బ్యాటరీయే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి అక్కడితో గన్ తీసి వెనుకవారికి వదలడం ఇద్దరికీ లాభం. సంక్రాంతి ముందు రోజుల్లో ఇదే రహదారి మీది పంతంగి టోల్ గేటు దగ్గర నిలిచే వాహనాల బారు చూసినవారికి సూర్యాపేట ఛార్జర్ల దగ్గరి రద్దీ వేరే చెప్పక్కరలేదు. హైదరాబాదు నుంచి తెనాలి దాకా సుమారు 300 కిలోమీటర్లు ఉంది గనుక ఇంటి దగ్గరే పూర్తిగా నింపుకొని, తెల్లవారకముందే బయలుదేరి, మొదటి ఛార్జరు దగ్గర బారు ఉన్నా తర్వాతి ఛార్జరు దాకా పోగల నిల్వ మిగుల్చుకొనేలా ఆగాలి.