సరిహద్దు దాటు తుపాకులు

ఒక రాజ్యము చేసికొనిన చట్టము ఆ రాజ్యపు సరిహద్దు వరకే చెల్లును. దానివలన కలుగు మేలుకీడులు మాత్రము సరిహద్దుకడ నిలిచిపోవు. ఎగువ రైతు తన గట్టునకు గండి కొట్టినచో దిగువవాని చేను మునుగుట మనమెఱిగినదే. రాజ్యముల నడుమను ఇట్టి చిక్కు కలదు. మెక్సికో దేశమును, అమెరికా సంయుక్త రాష్ట్రములను ఉదాహరణముగా గైకొని దీనిని విచారింతము.

ఈ రెండు దేశముల నడుమ సుమారు 3,100 కిలోమీటర్ల సరిహద్దు కలదు. దానికి దక్షిణమున మెక్సికోలో పౌరుడు తుపాకి కొనవలెనన్న సైన్యమువారి యనుమతి పొంది, సైన్యమువారు నడపు అంగడికే పోవలెను. ఉత్తరమున పద్ధతి వేఱు. 1791లో చేరిన రాజ్యాంగపు రెండవ సవరణ ఆయుధధారణమును ప్రజల హక్కుగా చెప్పుచున్నది. టెక్సాసు, ఆరిజోనా రాష్ట్రములలో లైసెన్సుగల తుపాకి దుకాణములు పెక్కు కలవు.

దొంగరవాణా యెట్లు జరుగును? నేరచరిత్ర లేని యొకడు సొమ్ము పుచ్చుకొని, తనకొఱకే యని కాగితమున వ్రాసియిచ్చి తుపాకి కొనును. మనవారు దీనిని బేనామీ యందురు. పిమ్మట వానిని కారులలో దాచి, కొన్ని కొన్నిగా దక్షిణమునకు దాటింతురు. మెక్సికోలో పట్టుబడి జాడ తీయబడిన తుపాకులలో అధికభాగము సంయుక్త రాష్ట్రములనుండి వచ్చినవే యని ఆ రాష్ట్రముల అధికారుల లెక్కలే తెలుపుచున్నవి. 2012లో మెక్సికో అధ్యక్షుడు ఫెలిపే కాల్దెరోన్, పట్టుబడిన తుపాకుల యినుముతో అక్షరములు చేయించి, ఇక ఆయుధములు వలదని ఇంగ్లీషున సరిహద్దుకడ పెద్ద ఫలకము నిలిపించెను.

2021 ఆగస్టులో మెక్సికో ప్రభుత్వము అమెరికా తుపాకి కంపెనీలపై బోస్టనులో వ్యాజ్యము వేసెను. తమ సరకు దొంగలపాలగుచున్నదని యెఱిగియు కంపెనీలు ఆ వర్తకమునకు తోడ్పడినవని దాని వాదము. నేరస్థుడు చేసిన హానికి తయారుచేసినవారిపై దావా చెల్లదని 2005 నాటి చట్టము చెప్పుచున్నదని కంపెనీల ప్రతివాదము. 2025 జూన్ 5న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, కంపెనీలు నేరమునకు తోడ్పడినవని చూపుటకు ఆరోపణలు చాలవని యేకగ్రీవముగా వ్యాజ్యమును త్రోసివేసెను.

ఒక దేశము మఱియొక దేశపు చట్టమును మార్చజాలదు. మెక్సికో పౌరులకు అచ్చట ఓటు లేదు. అట్లని తప్పంతయు ఉత్తరముదే యనుటయు న్యాయము కాదు. దక్షిణమునకు వచ్చు బండ్లను తనిఖీ చేయుట మెక్సికో సుంకపు ఉద్యోగుల విధి. ఉత్తరమునకు మాదకద్రవ్యములు, దక్షిణమునకు తుపాకులు పోవుచుండ, ఒకరినొకరు నిందించుకొనుటవలన ప్రాణములు నిలువవు.

హక్కును ఉంచుకొనియే దొంగదారిని మూయవచ్చును. 2022లో సంయుక్త రాష్ట్రములు బేనామీ కొనుగోలును, తుపాకుల దొంగరవాణాను ప్రత్యేక నేరములుగా నిర్ణయించి చట్టము చేసినవి. అక్రమ ఆయుధములను అరికట్టుటకై 1997లో అమెరికా ఖండముల దేశములు చేసికొనిన ఒడంబడికపై ఇరుదేశములును చేవ్రాలు చేసినవి. మెక్సికో దానిని ధ్రువపఱచెను. సంయుక్త రాష్ట్రముల సెనేటు ధ్రువపఱుపలేదు.

విద్యార్థులారా, న్యాయాధిపతి ఉన్న చట్టమును బట్టియే తీర్పు చెప్పును. పొరుగువాని గోడు విని చట్టమును దిద్దవలసినవారు శాసనసభ్యులు. వారిని ఎన్నుకొను పౌరులు తమ యింటి క్షేమమునే కాక, గట్టుకావలి యింటి క్షేమమునుగూడ తలపవలెను.